పంటిలో స్టీలు తీగ

స్పిరిట్ వాసన తగిలితే నేను ఇప్పటికీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. ఇంజెక్షన్ భయం కాదండి, ఇంజెక్షన్లంటే నాకు లెక్కే లేదు. ఆ వాసనతో పాటు ఒక స్టీలు గిన్నె గుర్తొస్తుంది. అందులో మునిగున్న సన్నటి సూదులు గుర్తొస్తాయి. వాటిని ఒక్కొక్కటీ తీసి, అదే దూదితో తుడిచి, మళ్ళీ అదే గిన్నెలో వేస్తున్న చెయ్యి గుర్తొస్తుంది. అప్పుడు ఎదురుగా పంచభక్ష్య పరమాన్నాలు పెట్టినా ముద్ద దిగదు. థూ!

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. కొంత వరి, కొంత కొబ్బరి. మా ఆయనకి ఒక్కతే అక్కగారు. ఆవిణ్ణి మండపేటలో రైసుమిల్లు వాళ్ళింటికి ఇచ్చారు. ఆవిడ కొడుకు పళ్ళ డాక్టరు. రామచంద్రపురంలో మెయిన్ రోడ్డు మీదే క్లినిక్కు పెట్టాడు. చిన్నప్పుడు సెలవులిస్తే మా ఇంట్లోనే ఉండేవాడు. తాటిముంజెలు నేను ఒలిచి పెడితే కూర్చుని మింగేవాడు. నన్ను అత్తయ్యా అంటాడు, మా ఆయన్ని మావయ్యా అంటాడు. పేర్లెందుకు లెండి, ఈ ముగ్గురూ, నేనూ, అంతే ఈ కథలో మనుషులు. రాజమండ్రి డాక్టరమ్మ ఒకావిడ ఉంది, ఆవిడ తర్వాత వస్తుంది.

మా వైపు డాక్టరు గురించి ఎవరూ 'ఏం చదివాడు?' అని అడగరు. 'హస్తవాసి ఎలాంటిది?' అని అడుగుతారు. హస్తవాసి మంచిదైతే మట్టి రాసినా తగ్గుతుందంటారు, కాకపోతే అమృతం పోసినా తగ్గదంటారు. మా ఆడపడుచు తన కొడుకు హస్తవాసి గురించి చెప్పుకోని చోటు లేదు. పెళ్ళికెళ్తే పెళ్ళిలో, చావుకెళ్తే చావులో. "మా వాడు చెయ్యి పెడితే చాలమ్మా, నొప్పి పారిపోతుంది" అనేది. పారిపోయి ఎక్కడ దాక్కుంటుందో నాకు తర్వాత తెలిసింది.

ఆ ఎండాకాలం నా ఎడమవైపు కింది దవడ పన్ను మొదలెట్టింది. కుండలో చల్లనీళ్ళు తాగితే ప్రాణం పోయేది. లవంగం పెట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, ఏమీ లాభం లేకపోయింది. రూట్ కెనాల్ చేయించుకోవాలని నాకే తెలిసింది. రాజమండ్రిలో అచ్చంగా ఆ పనే చేసే డాక్టరమ్మ ఉందని, చాలా నెమ్మదైన మనిషని విన్నాను. అక్కడికెళ్దాం అన్నాను.

మా ఆయన చదువుతున్న పేపరు దించారు. "మనవాడు ఉండగా పైవాళ్ళ దగ్గరికెళ్తే అక్క ఏమనుకుంటుంది?"

"అక్క ఏమనుకున్నా పన్ను నాదండి."

"అదేం మాటే? వాడి హస్తవాసికి జనం కాకినాడ నుంచి వస్తున్నారు."

కాకినాడ నుంచి ఎవరు వస్తున్నారో నేనైతే చూడలేదు. కానీ మా ఇంట్లో ఆడపడుచు పరువు ముందు నా పన్ను ఎంత? సరే అని వెళ్ళాను.

కుర్చీలో పడుకోబెట్టారు. నోట్లో దూది కుక్కారు. తల పక్కకి తిప్పితే ఆ స్టీలు గిన్నె సరిగ్గా నా కళ్ళెదురుగా. ఆ సూదుల్ని డాక్టర్లు ఫైళ్ళంటారట. పంటి వేరు లోపల సన్నటి కాలవ ఉంటుందిట. ఫైలుని మోటారుకి తగిలించి, కాలవలోకి దింపి గిర్రున తిప్పుతూ లోపలి కుళ్ళు గీకి తీస్తారు. మన పంట కాలవలో పూడిక తీసినట్టే అనుకోండి. గిన్నెలో ఉన్నవాటిలో ఒకదాని మెలికలు ఊడి, సాగిపోయి ఉన్నాయి. పాత బాల్ పెన్ను స్ప్రింగులా ఉంది. నాకేం తెలుసు, అది అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. కొన దగ్గర నల్లగా ఏదో అంటుకుని ఉంది. అది ఎవరి పంటి మురికో, ఏ ఊరి వాళ్ళదో! అప్పుడే లేచి వచ్చేయాల్సిందండి. దూది కుక్కిన నోటితో ఏమని లేస్తాం?

మోటారు తిరుగుతోంది. దవడంతా జుమ్మంటోంది. ఉన్నట్టుండి 'టక్' మని చిన్న చప్పుడు. చీపురుపుల్ల విరిగినంత, అంతే. మోటారు ఆగింది.

మా వాడు ఫైలు పైకెత్తి దాని కొన చూశాడు. పక్కనున్న నర్సమ్మా చూసింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నా మొహం ఎవరూ చూడలేదు. "ఒక్క నిమిషం అత్తయ్యా" అని వాడు గ్లౌజులు తీసి ముందుగదిలోకి వెళ్ళాడు. అక్కడ మా ఆయన కూర్చుని ఉన్నారు. గుసగుసలు వినబడుతున్నాయి గానీ మాట తెలియట్లేదు. నేను నోరు తెరుచుకుని పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాను. చొంగ చెవిలోకి కారుతోంది. తుడిచే దిక్కు లేదు.

వచ్చాడు. ఎక్సరే తీశాడు. ఏదో మందు కూరాడు, మూసేశాడు. "అయిపోయింది అత్తయ్యా. ఏం ఫర్వాలేదు" అన్నాడు.

కంప్యూటర్లో ఎక్సరే కనబడుతోంది. నా పంటి వేరు కింద, వంపు దగ్గర, సన్నగా తెల్లగా ఒక గీత మెరుస్తోంది. "అదేంట్రా అబ్బాయ్, తెల్లగా?" అనడిగాను. వాడు నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. "అదా? స్టీలు తీగ. వేరు గట్టిగా ఉండాలని వేశాడు. అందరికీ వెయ్యడు, మనవాళ్ళమని వేశాడు."

మా వాడు దగ్గి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. "ఉన్నా ఏం కాదత్తయ్యా" అని అటు తిరిగే అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికి మామూలుగానే వినబడింది.

ఇక చూడండి, మా ఆయన హడావిడి. పాలకేంద్రం దగ్గర, టీకొట్టు దగ్గర, చేలో కూలీల ముందు, ఎక్కడ చూసినా ఇదే గోల. "మా ఆవిడ పంటికి స్టీలు తీగ వేయించాను. ఇంక నూరేళ్ళు చూసుకోనక్కర్లేదు." వినీ వినీ మా పక్కింటావిడ తన పన్ను పట్టుకుని మా వాడి దగ్గరికే వెళ్ళింది. వెళ్ళి ఊరుకుందా? "మేం మీ చుట్టాలం కాకపోయినా మాకూ ఆ తీగే వెయ్యండి డాక్టరు గారూ" అని అడిగిందిట. స్టాకు అయిపోయిందన్నాడట! ఆవిడ తిరిగొచ్చి, "అదృష్టం ఉండాలి వదినగారూ" అని నా దగ్గర నిట్టూర్చింది. తర్వాత సంగతంతా తెలిశాక ఆ మాట తల్చుకుని ఒక్కదాన్నే వంటింట్లో నవ్వాను. నవ్వుతుంటే దవడ నొప్పెట్టింది.

ఎందుకంటే పన్ను తగ్గలేదు. నాలుగు రోజులు బాగుండటం, మళ్ళీ సలపడం. ఫోన్ చేస్తే మాత్రలు చెప్పేవాడు. మళ్ళీ చేస్తే "మీ పంటి వేరే వంకరత్తయ్యా, నేనేం చేస్తాను" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి తప్పు నా వేరు మీదకొచ్చింది. ఆడపడుచు అయితే ఇంకో మెట్టు ఎక్కింది. "నువ్వు కుర్చీలో కుదురుగా ఉండలేదటగా? తమ్ముడు చెప్పాడు."

"నేను కదలడమేంటి వదినా? నోరంతా మొద్దుబారిపోయి శవంలా పడున్నాను."

"ఏమోనమ్మా, కుదురు లేకపోతే ఎంత హస్తవాసి ఉన్నా ఏం చేస్తాడు మరి."

మా ఆయన వైపు చూశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నారు. ఈ మనిషి నా వెనకాల ఇలా ఎందుకు చెప్పాడా అని ఆ రోజంతా ఆలోచించాను. నాకు అందలేదు.

ఆ తర్వాత గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి. పులస పడుతోందని కబురు. మా ఆయన స్నేహితులతో కలిసి యానాం వెళ్ళారు. యానాం దేనికెళ్తారో మా ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఆసారి మాత్రం సీసాలతో పాటు చేప కూడా తెచ్చారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మావాళ్ళు. పుస్తెలు ఆడవాళ్ళవి కాబట్టి ఎన్నైనా అంటారు. "బాగా వండు. సగం మేనల్లుడికి పంపాలి" అన్నారు గుమ్మంలోంచే.

"దేనికి? నా నొప్పి తగ్గించాడనా?"

"పాపం కుర్రాడే, నీ కోసం ఎంత శ్రమ పడ్డాడు!"

ఒళ్ళు మండింది. అయినా చేప చేతికొచ్చాక వండకుండా ఉంటామా? ఒకపక్క దవడ బూరెలా పొంగి ఉంది. ఒక చేత్తో చెంప పట్టుకుని, మరో చేత్తో చింతపండు పిసికాను. దాకలో బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద పులుసు చిక్కబడేదాకా నిలబడ్డాను. పులస కూర వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది. మర్నాడు మా ఆయన మంచి ముక్కలన్నీ, చేప గుడ్ల జెనతో సహా, క్యారేజీలో సర్దించుకుని పెళ్ళికెళ్ళినట్టు తయారై పట్టుకెళ్ళారు. నేను తిన్నది ఏంటో చెప్పనా? పెరుగన్నం. మెత్తగా పిసుక్కుని, కుడివైపుకి తోసుకుని, మింగాను. ఆ చేపకి ముళ్ళెక్కువ. అది నమిలే నోరు కాదు నాది.

అలా ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నోరంతా చీము రుచి. ఉప్పగా, చేదుగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు. నా ఊపిరి నాకే అసహ్యం వేసింది. రాజమండ్రి వెళ్తున్నా అన్నాను. మా ఆయన రానన్నారు. "అక్కకి తెలిస్తే బాగోదు" అన్నారు. మీ అక్కనే వచ్చి నా నోట్లో చీము తాగమనండి అనేసి బస్సెక్కాను. మా ఇంట్లో నేను అంత మాట అనడం అదే మొదలు. అన్నాక చాలా హాయిగా అనిపించింది.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. ఎక్సరే తీసి చాలాసేపు చూసింది. "ముక్క విరిగిందని మీకు చెప్పారా అండి?" అనడిగింది.

"ముక్కేంటండి? అది స్టీలు తీగ. బలానికి వేశారు" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నానేమో కూడా.

ఆవిడ నవ్వలేదు. నవ్వుంటే ఏడిచేదాన్ని. "బలానికి అలాంటివేం వెయ్యరండి. ఇది ఫైలు ముక్క. కాలవ సగంలో ఉండగానే విరిగి వంపులో ఇరుక్కుపోయింది. దాని కింద శుభ్రం కాలేదు. ఆ మిగిలిన కుళ్ళే ఇప్పుడు చీము పట్టింది."

నాకు మొదట గుర్తొచ్చింది పాలకేంద్రం. అక్కడ మా ఆయన చెయ్యి తిప్పుతూ చెప్పిన స్టీలు తీగ. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

విరగడమేంటి, స్టీలు కాదా అనడిగాను. ఆవిడ ప్యాకెట్లోంచి కొత్త ఫైలు తీసి నా ముందు వంచింది. కొడవలిలా వంగింది. వదలగానే ఏమీ ఎరగనట్టు నిటారుగా అయిపోయింది. "ఇదేనండి దీనితో చిక్కు. ఇది మామూలు స్టీలు కాదు. ఎంత వంచినా మళ్ళీ తిన్నగా అవుతుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. వంకర వేరులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ ఒకపక్క సాగుతుంది, ఒకపక్క నొక్కుకుంటుంది. బైండింగు వైరు అటూ ఇటూ వంచితే చివరికి తెగుతుంది చూడండి, అలాగే. పైకి ఏమీ కనబడదు, ఒకరోజు పుటుక్కుమంటుంది. ఒక్కోసారి కొన లోపల పట్టేస్తుంది, పైన మోటారు తిప్పుతూనే ఉంటుంది, అప్పుడు మెలిపడి విరుగుతుంది. అలాంటప్పుడు ముందే మెలికలు ఊడి కనిపించొచ్చు. అది కనిపిస్తే వెంటనే పారెయ్యాలి. కనిపించకపోయినా, కొన్ని పళ్ళకి వాడాక బాగున్నా సరే పారెయ్యాలి. మీలాంటి వంకర వేరైతే ఆ ఒక్క పంటితోనే పారేస్తాను నేను."

బాల్ పెన్ను స్ప్రింగు నా కళ్ళ ముందు కదిలింది. "పారెయ్యకపోతేనండి?"

"విరిగేదాకా వాడేవాళ్ళున్నారు" అంది. ఆ ఫైలుని పక్కన పెట్టి, "నా చేతిలోనూ విరిగాయండి. కొత్తదీ విరగొచ్చు, అబద్ధం చెప్పను. కానీ విరిగిన నిమిషమే పేషెంటుకి చెప్పాలి. చెప్తే తియ్యడానికి చూడొచ్చు, పక్కనుంచి దారి చేయొచ్చు. ముక్క ఉండిపోయినా చాలా పళ్ళు బాగానే ఉంటాయి, కనిపెట్టుకుని ఉంటే. మీరు ఇంకొంచెం ముందే వచ్చుంటే బాగుండేది" అంది.

ముందే వస్తానన్నాను తల్లీ, రానిస్తేగా!

పన్ను నిలబెట్టాలని ఆవిడ చెయ్యగలిగిందంతా చేసింది. మైక్రోస్కోపు పెట్టి, సన్నటి పుల్లతో అదురు పుట్టించి కదపాలని చూసింది. మధ్యమధ్య ఆపి, ఏం చేస్తోందో, ఎక్కడిదాకా వచ్చిందో నాకే చెప్పేది. రెండుమూడు సార్లు వెళ్ళాను. ముక్క వంపు దాటి కింద కూర్చుంది, అందలేదు. వేరు చుట్టూ ఎముక తినేసింది. చివరికి పీకేయాల్సొచ్చింది. పీకిన పన్ను కడిగి, చిన్న డబ్బాలో వేసి ఇచ్చింది. వేరు కొన దగ్గర ఇంత చీముగడ్డ వేలాడుతోంది. చూసి వాంతి చేసుకున్నాను. ఇన్నాళ్ళూ అది నా నోట్లో పెట్టుకుని అన్నం తిన్నాను గదా! ఆ నోటితోనే పులస పులుసు ఉప్పు చూశాను గదా!

ఇంటికొచ్చి డబ్బా మా ఆయన ముందు పెట్టాను. "అది స్టీలు తీగ కాదటండి. మీ వాడి సూది ముక్క." మా ఆయన డబ్బా వైపు చూడలేదు. "పోనీలే, పోయిన పన్ను ఎలాగూ రాదు. గొడవ చెయ్యకు, అక్క బాధపడుతుంది" అన్నారు. మర్నాడు నేను క్లినిక్కుకి బయలుదేరితే ఆయనా వెనకాలే వచ్చారు. నన్ను ఆపడానికి.

ముందుగది నిండా జనం. మా వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండత్తయ్యా, కాఫీ తెప్పించనా?" కాఫీ! ఏ పన్నుతో తాగమంటావురా అనుకుని, డబ్బా మూత తీసి వాడి చేతిలో పెట్టాను. "ఇదిగో నాయనా, నీ స్టీలు తీగ. నీకు స్టాకు అయిపోయిందటగా, ఉంచుకో."

బెంచీ మీద కండువా వేసుకున్న పెద్దాయనొకడు లేచాడు. "డాక్టరు గారిని అలా అనకూడదమ్మా. చాలా మంచి హస్తవాసి."

"హస్తవాసి మంచిదేనండి బాబూ. సూదే ముసలిది. మీ నోట్లోకొచ్చేది ఎన్నో నోట్లోంచి వస్తోందో అడిగి మరీ కుర్చీ ఎక్కండి." ఆయన కూర్చోలేదు, నిలబడలేదు, మధ్యలో ఆగిపోయాడు. మా వాడు ఎర్రబడిపోయి నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేశాడు. మా ఆయనా లోపలికొచ్చారు. గిన్నె అక్కడే ఉంది. వాసనా అక్కడే ఉంది.

"అత్తయ్యా, ఫైలన్నాక ఎవరి చేతిలోనైనా విరుగుతుంది..."

"విరగడం సంగతి నాకు తెలుసురా. డాక్టరమ్మ చెప్పింది. ముసలి సూది నా పంట్లో ఎందుకు పెట్టావో అదీ అడగను, సిగ్గుంటే నువ్వే పారేస్తావు. ఒక్కటే అడుగుతున్నాను. విరిగిందని నాకెందుకు చెప్పలేదు?"

వాడు నిజంగా ఆశ్చర్యపోయాడండి. నటన కాదు. చిన్నప్పటి నుంచీ చూసిన మొహం, నాకు తెలీదా? "చెప్పాను కదత్తయ్యా! అప్పుడే బయటికెళ్ళి మావయ్యకి చెప్పాను. రాజమండ్రి పంపిద్దామా అని కూడా అడిగాను. మావయ్యే వద్దన్నారు. అత్తయ్యకి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది అన్నారు."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ పళ్ళ సెట్టు చేతిలోకి తీసుకుని తెరుస్తున్నారు, మూస్తున్నారు. తెరుస్తున్నారు, మూస్తున్నారు.

పన్ను నాది. నోరు నాది. చీము నాది. కబురు మాత్రం ఆయనది! నేను నోరు తెరుచుకుని చొంగ కార్చుకుంటూ ఫ్యాను చూస్తుంటే, గోడకి అవతల ఇద్దరు మగవాళ్ళు నా పన్ను గురించి ఒప్పందం చేసుకున్నారు. మా వాడి మొహంలో ఇప్పుడు ఒక నిశ్చింత కూడా ఉంది. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పేశాను అనే నిశ్చింత. ఆ నిశ్చింత చూస్తే నాకు చీముగడ్డ చూసినప్పటి కంటే ఎక్కువ రోత పుట్టింది.

ఆటోలో ఇంటికొస్తూ తోటలు దాటుతుంటే నాకు ఉన్నట్టుండి పులస గుర్తొచ్చింది. "అంతా తెలిసి కూడా ఆ చేప ఎందుకు పంపించారండి?"

"వాడు బాగా నొచ్చుకున్నాడే. నీ పన్ను అలా అయిందని అన్నం సరిగ్గా తినట్లేదని అక్క ఫోన్ చేసింది. కొంచెం ఓదార్పుగా ఉంటుందని..."

ఓదార్పట! పన్ను చెడగొట్టినవాడికి ఓదార్పు. అది వండించింది పన్ను చెడిన దాని చేత. అంటే ఆడపడుచుకీ తెలుసు. తెలిసే నన్ను కుదురు లేనిదాన్ని చేసింది. ముగ్గురికీ తెలిసిన సంగతి, ఆ పన్ను మోస్తున్న నాకు తప్ప. అయ్య బాబోయ్, ఏం మనుషులండీ వీళ్ళు!

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు ఫోను. "నలుగురిలో నా కొడుకు పరువు తీశావు. నీకేం అన్యాయం చేశాడని?"

"వదినా, మీ మిల్లులో బియ్యం ఆడే రబ్బరు రోలర్లు ఉంటాయి గదా, అవి అరిగేదాకా వాడతారా?"

"అదేం ప్రశ్న? అరగనిస్తే నూక పడుతుంది. నూకలిస్తే షావుకార్లు ఊరుకుంటారా? మా మిల్లు పేరేం కాను?"

"మరి మీ అబ్బాయికి ఆ మాట చెప్పండి. మనిషి పన్నుకి నూకపాటి విలువ ఉందని చెప్పండి."

ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచీ మా ఇంటికి వస్తే నాతో మాట్లాడదు, తమ్ముడితోనే మాట్లాడుతుంది. నేనూ పిలవను. మా ఆయన మాత్రం ఏమీ జరగనట్టే ఉన్నారు. ఎవరైనా అడిగితే ఇప్పటికీ "మావాడి హస్తవాసి మంచిదే, మా ఆవిడ పంటి వేరే వంకర" అంటారు. నా ముందే అంటారు. ఎడమవైపు నమలడం మానేశాను. ఆ ఖాళీలోకి మెతుకు వెళ్ళి కూర్చుంటే వేలు పెట్టి తీసుకుంటాను.

మొన్న చలికాలంలో ఆయన పన్ను మొదలెట్టింది. చేకోడీ కొరుకుతుంటే కలుక్కుమందిట. చెంప పట్టుకుని మూలుగుతూ మంచమెక్కారు. లవంగం తెమ్మన్నారు, తెచ్చాను. ఉప్పునీళ్ళు అడిగారు, ఇచ్చాను. సరిగ్గా అప్పుడే ఆడపడుచు వచ్చింది. "ఇంట్లో డాక్టరుండగా నీకేంట్రా తమ్ముడూ? పద, ఇప్పుడే ఫోన్ చేస్తా" అంది.

మంచం మీది మనిషి లేచి కూర్చున్నారు. "అబ్బే, ఏం లేదక్కా. గాలి తగిలింది. తగ్గిపోయింది కూడా" అని చెంప మీంచి చెయ్యి తీసేశారు. ఆవిడ ముందు ఒక చేకోడీ కూడా కొరికారండి! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా నమిలారు.

ఆవిడ వెళ్ళిన మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఇదిగో, రాజమండ్రి డాక్టరమ్మ గారి దగ్గరికి ఏ బస్సెక్కాలే? నువ్వూ రా."

"హస్తవాసి ఏమైందండి?"

ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగారు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టింది, నన్ను పక్కన స్టూలు మీద కూర్చోమంది. ఆవిడ ఫైలు ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే మా ఆయన తలెత్తారు. "కొత్తదేనా అండి? నా ఎదురుగా విప్పండి."

"కొత్తదేనండి" అని విప్పి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు, మెలికలు సరిగ్గా ఉన్నాయా అని. మెలికల సంగతి ఆయనకి ఎవరు చెప్పారు? నేనే చెప్పాను, రాజమండ్రి నుంచి వచ్చిన రోజు. విననట్టు గోడ వైపు తిరిగి పడుకున్నారు ఆ రోజు. ప్రతి ముక్కా విన్నారన్న మాట.

తర్వాత ఆయన డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "చూడండి డాక్టరు గారూ, లోపల ఏదైనా తేడా వచ్చినా, విరిగినా, దాచకండి. వెంటనే నాకే చెప్పండి. పన్ను నాది కదండీ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. కుర్చీ పక్కన ఉమ్మడానికి చిన్న బేసిను ఉంది గానీ అది పేషెంట్లకి. లేచి, చెప్పులేసుకుని, రోడ్డు మీదికెళ్ళి కాండ్రించి ఉమ్మేశాను.